చూసినదాన్నే చూశానని రాయి

హనుమకొండ

చిట్టితల్లీ,

నువ్వు పంపిన పరిశోధన పత్రం డ్రాఫ్ట్ మొదటి నుంచి చివరిదాకా చదివాను. హైదరాబాద్‌ను ముంచిన 1908 మూసీ వరద గురించి రాస్తూ, ఆ తర్వాత కట్టిన జంట జలాశయాల (ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్) గొప్పతనంతో మొదలుపెట్టకుండా, ముందు నది ఒడ్డున బతికిన మనుషుల గురించి చెప్పడం నాకు చాలా నచ్చింది. సబ్మిషన్ దగ్గరపడుతోందని టెన్షన్ పడుతున్నావని తెలుసు. అయినా ఒక సంగతి వివరంగా చెప్పాలి. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం వదిలేస్తాను, అందుకే రాస్తున్నాను. నీ ఫుట్‌నోట్ల గురించి.

రెండో పేజీలో "ఈ వరదలో పదిహేను వేల మంది చనిపోయారు" అని రాసి చుక్క పెట్టేశావు. ఆ సంఖ్య ఎక్కడిదో కింద ఎక్కడా లేదు. అడిగితే, అందరూ అదే రాస్తున్నారమ్మా అంటావు. నిజమే, ఎక్కువచోట్ల పదిహేను వేలనే ఉంటుంది. యాభై వేలని రాసినవాళ్లూ ఉన్నారు. ఆ రెండు అంకెల మధ్య ముప్పై అయిదు వేల మంది మనుషులున్నారు, తల్లీ. ఆ తేడా చదివేవాళ్లకు తెలియనివ్వకుండా దాటిపోతే ఎలా? ఒక పుస్తకం ఇంకో వ్యాసం పేరు చెబుతుంది, ఆ వ్యాసం ఏదో పత్రికను చూపిస్తుంది, తీరా అక్కడికి వెళ్తే "అంచనా" అన్న మాట తప్ప ఇంకేమీ ఉండకపోవచ్చు. వెళ్లగలిగినంత దూరం వెళ్లు. ఎక్కడ ఆగిపోయావో అదే రాయి. "మృతుల సంఖ్య విషయంలో అంచనాలు వేర్వేరుగా ఉన్నాయి, ఫలానా రచయిత ఇంత అన్నారు, ఫలానా చోట ఇంత అని ఉంది" అని రాసి, రెండింటికీ పేజీ నంబర్లతో సహా ఆధారం ఇవ్వు. వాక్యం తేలిపోతుందని భయపడకు. అలా రాసినదాన్ని ఎవరూ కదపలేరు.

ఇక మూడో అధ్యాయం. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది అదే. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే 221 తెగిపోయాయని, శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాల వాన కురిసిందని రాశావు. చక్కటి సమాచారం. వరద అంత ఉద్ధృతంగా ఎందుకు వచ్చిందో ఆ రెండు ముక్కల్లోనే అర్థమవుతుంది. కింద ఫుట్‌నోట్‌లో, ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆ వరద మీద ప్రభుత్వానికి ఇచ్చిన 1909 నివేదిక పేరు పెట్టావు. కానీ ఆ నివేదిక ఇంకా చేతికి రాలేదని మొన్న నువ్వే అన్నావు కదా! అంటే ఆ అంకెలు నీకు దొరికింది తర్వాత ఇంకెవరో రాసిన పుస్తకంలో. అలాంటప్పుడు ఫుట్‌నోట్‌లో ముందు రావాల్సింది ఆ పుస్తకం పేరు. "విశ్వేశ్వరయ్య నివేదిక, ఫలానా పుస్తకంలో ఉటంకించినది, ఫలానా పేజీ" అని రాయి. చివర ఉపయుక్త గ్రంథాల జాబితాలో కూడా నువ్వు చదివిన పుస్తకమే ఉండాలి, చదవని నివేదిక కాదు.

ఇది చాదస్తం అనుకోకు. నీకు ఆ అంకె అందించిన రచయిత 221కి బదులు 212 అని వేసి ఉంటే, ఆ తప్పు నీ ఫుట్‌నోట్ వల్ల విశ్వేశ్వరయ్య గారి మెడకు చుట్టుకుంటుంది. ఇంకొకటి కూడా ఉంది. ఆ రచయిత ఎక్కడెక్కడో తిరిగి ఆ నివేదికను వెతికి పట్టుకుని, చదివి, పనికొచ్చే ముక్కను ఏరి పెట్టారు. ఆ కష్టాన్ని తీసుకుని ఆయన పేరు తీసేసినట్టవుతుంది. కాలేజీ లైబ్రరీలో పనిచేసిన ఇన్నేళ్లలో పరిశోధన పత్రాల్లో నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించింది ఇదే. చేసేవాళ్లు దొంగలు కారు, అసలు గ్రంథం పేరు పెడితే పేపర్ బరువుగా కనిపిస్తుందని అనుకుంటారు, అంతే.

విశ్వేశ్వరయ్య గారి జ్ఞాపకాల పుస్తకం కూడా ఉంది, 1951లో వచ్చింది. 1909 నివేదికనూ దాన్నీ ఒకటిగా కలిపేయకు. మనిషి ఒకరే అయినా సాక్ష్యాలు రెండు. వరద వచ్చిన మరుసటి ఏడాది ఇంజనీరుగా ప్రభుత్వానికి రాసింది వేరు, నలభై ఏళ్లు దాటాక గుర్తు చేసుకుని రాసింది వేరు. ఏ మాట ఎందులోంచి తీసుకున్నావో విడివిడిగా ఉండాలి. అలాగే, 12.8 అంగుళాల్ని 325 మిల్లీమీటర్లుగా మార్చింది నువ్వు. మార్చడం తప్పు కాదు, కానీ అసలు కొలత అంగుళాల్లో ఉందని, లెక్క నీదని కింద ఒక ముక్క రాసిపెట్టు.

తార్నాక ఆర్కైవ్స్‌లో (పాత ప్రభుత్వ రికార్డులు దాచేచోట) చూసిన కాగితాలకు "ఆర్కైవ్స్ రికార్డు" అని మాత్రమే రాసి వదిలేశావు. దాన్ని పట్టుకుని ఎవరైనా ఏం వెతుకుతారు? ఏ శాఖ ఫైలు, నంబరు ఎంత, ఏ సంవత్సరానిది, ఎన్నో కాగితం, ఇవన్నీ కావాలి. నిజాం కాలపు ఫైళ్లలో తేదీలు ఫస్లీలోనో (పన్నుల లెక్కలకు వాడిన క్యాలెండర్), హిజ్రీలోనో (ఇస్లామిక్ క్యాలెండర్) ఉంటాయి. కాగితం మీద ఎలా ఉందో అలాగే ముందు రాసి, దాని పక్కన ఇంగ్లిష్ తేదీ ఇవ్వు.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారన్న పేరా చదువుతుంటే నా గుండె ఝల్లుమంది. దాన్ని తీసేయకు. అయితే "అని చెబుతారు" అంటే ఎవరు చెబుతారు? అక్కడి ఫలకం మీద చదివావా, పేపర్లో చదివావా, పాతబస్తీలో నువ్వు మాట్లాడిన ఆ పెద్దాయన చెప్పారా? ఫలకమైతే ఎక్కడుందో, ఏ రోజు చూశావో రాయి. పెద్దాయన అయితే ఆయన్ని అడిగి, సరే అంటేనే పేరు పెట్టు, మాట్లాడిన తేదీ, ఊరు ఇవ్వు. వద్దంటే పేరు లేకుండా అదే విషయం చెప్పొచ్చు. నోటిమాట కూడా ఆధారమే. కాకపోతే అది నోటిమాట అని తెలియాలి.

ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనూ, కూతురినీ పోగొట్టుకున్నారు. ఆయన కవితలోంచి నాలుగు పంక్తులు తెలుగులో ఇచ్చావు, అనువాదం ఎవరిదో లేదు. నీదైతే "అనువాదం నాది" అని రాయి, వేరేవాళ్లదైతే వాళ్ల పేరు పెట్టు. ఇంకో మాట, ఆ కవితను ఎంతమంది పోయారని లెక్క చెప్పడానికి వాడకు. ఆ కుటుంబాల దుఃఖం ఎలాంటిదో చెప్పడానికి దానికంటే పెద్ద ఆధారం నీకు దొరకదు.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ నీ పేపర్లో ఇతరుల రాతలతో పోలిక ఎనిమిది శాతమే చూపించిందని సంబరంగా మెసేజ్ పెట్టావు. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం పది శాతం లోపు ఉంటే శిక్ష ఉండదు, నిజమే. కానీ ఆ మిషన్ మాటల్ని పోలుస్తుంది, ఆలోచన ఎవరిదో దానికి తెలియదు. ఒకరి వాదనను నీ మాటల్లో తిరగరాసి పేరు చెప్పకపోతే సున్నా శాతం వచ్చినా అది వాళ్ల సొమ్మే. నాలుగో అధ్యాయం మొదటి పేరా నాకు అలాగే అనిపించింది. ఆ పుస్తకం మూసేసి నీకు అర్థమైంది రాసుకో, తర్వాత తెరిచి సరిచూసుకో, చివర వాళ్ల పేరు పెట్టు.

ఏఐని అడిగి రెఫరెన్సులు తెచ్చుకోవద్దు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు అలా వచ్చిన, అసలు లేనే లేని కేసుల్ని కోర్టు ముందు పెట్టి 5,000 డాలర్ల జరిమానా కట్టాల్సి వచ్చింది.

పేర్ల దగ్గర కూడా గందరగోళం ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, రెఫరెన్సుల జాబితా తయారుచేసే నీ సాఫ్ట్‌వేర్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. అందుకే విశ్వేశ్వరయ్య గారు ఒకచోట "మ" కింద, ఇంకోచోట "వ" కింద, ఇద్దరు మనుషుల్లా కనిపిస్తున్నారు. ఏ పద్ధతి కావాలో గైడ్‌ని అడిగి, మొత్తం జాబితా అదే పద్ధతిలో పెట్టు.

నివేదిక కోసం అఫ్జల్‌గంజ్ సెంట్రల్ లైబ్రరీలో ఇంకోసారి అడిగి చూడు. పాత ప్రభుత్వ ప్రచురణలు కేటలాగులో రచయిత పేరుతో కాకుండా శాఖ పేరుతో ఉండొచ్చు, అలా కూడా వెతకమను. దొరికితే ఆ ఫుట్‌నోట్లన్నీ మార్చుకోవచ్చు, దొరక్కపోతే పైన చెప్పినట్టు రాసెయ్. శనివారం నాన్న, నేను వస్తున్నాం. ఇద్దరం కూర్చుని ఒక్కో ఫుట్‌నోట్ పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని చూద్దాం. ఇంటికి తెచ్చుకోలేని పుస్తకాలకు నువ్వు వాడిన పేజీ, దాంతోపాటు ప్రచురణ వివరాలున్న పేజీ కూడా ఫొటో తీసి ఉంచు.

ప్రేమతో,
అమ్మ