గుర్తుల్లేని పాత తూటాలు ఎవరికి అప్పగించాలి?

సంపాదకుడు గారికి,

అయ్యా,

బెంగళూరులో హలసూరు, మర్ఫీ టౌన్, కాక్స్ టౌన్ వైపు పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపుతున్నారు. 1809లో కంటోన్మెంటు వచ్చినప్పటి నుంచీ మిలిటరీని నమ్ముకుని బతికిన పేటలివి. మద్రాసు సాపర్స్‌లో (సైన్యపు ఇంజనీరింగ్ దళంలో) చేసిన తెలుగువాళ్ల కుటుంబాలూ ఇక్కడ ఉన్నాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో పతకాలతో పాటు తూటాలూ బయటపడుతుంటాయి. వాటిని భయం లేకుండా అప్పగించే దారి చూపించమని అడగడానికే ఈ ఉత్తరం.

మా వీధిలో ఒకాయనకు ఈమధ్య వాళ్ల తాతగారి పెట్టెలో ఇత్తడి తూటాలు దొరికాయి. పట్టుకుని స్టేషనుకు వెళితే (ఏ స్టేషనో ఇక్కడ అనవసరం) "ఇవి ఏ తుపాకీవి? లైసెన్సు ఎవరి పేర ఉంది? ముందు తేల్చుకుని రండి" అన్నారట. ఎప్పుడో కాలం చేసిన సుబేదారు గారిని వెళ్లి ఎక్కడని అడుగుతాడు! టెన్షన్‌తో ఇంటికొచ్చి వాటిని మళ్లీ అదే పెట్టెలో పెట్టేశాడు.

మిలిటరీ స్టోర్సులో పనిచేసి రిటైరైనవాణ్ని కాబట్టి చెబుతున్నాను, అది తేల్చడం ఇంట్లోవాళ్ల వల్ల అయ్యే పని కాదు. 303 రైఫిల్ తూటా అయితే నయం. అడుగున అక్షరాలు కొట్టి ఉంటాయి, కె.ఎఫ్. అని ఉంటే పుణె దగ్గరి కిర్కీ ఫ్యాక్టరీది. షాట్‌గన్ (ఒక్క దెబ్బకు చాలా గుళ్లు చిమ్మే తుపాకీ) తూటాల్లో చాలావాటి మీద బోర్ నంబరు, అంటే గొట్టం సైజు, కంపెనీ పేరు తప్ప ఇంకేమీ ఉండదు, కొన్నిటి మీద అదీ ఉండదు. మిగతా వివరాలన్నీ డబ్బా మీద ఉండేవి, ఆ డబ్బా ఎప్పుడో చెత్తలోకి పోయి ఉంటుంది. అట్ట తూటాలకు మూతి దగ్గరి బిళ్ల మీద లోపలి గుళ్ల సైజు నంబరు అచ్చు వేసేవారు. చెమ్మ తగిలితే అదీ చెరిగిపోతుంది.

ఒళ్లంతా ఇత్తడి అయితే మిలిటరీదే అనుకుంటారు. అందులో కొంత నిజముంది. మొదటి ప్రపంచయుద్ధంలో కందకాల తడికి అట్ట తూటాలు ఉబ్బిపోయి తుపాకీలో ఎక్కక అమెరికన్లు ఇత్తడివి తెప్పించుకున్నారు. రెండో యుద్ధానికి ఎం19 అనే పన్నెండు బోర్ ఇత్తడి తూటా వచ్చింది, లోపల పెద్ద సీసపు గుళ్లు. కానీ శికారీలూ మళ్లీ మళ్లీ నింపుకోవచ్చని ఇత్తడి కేసులే కొనేవారు. అందులో ఏ మందు ఎంత కూరాడో ఆ నింపినవాడికే తెలియాలి. ఇక 410 మస్కెట్ తూటా ఇంకో చిక్కు. 303 తూటాకు మెడ నొక్కకుండా వదిలేసినట్టుంటుంది. రైఫిళ్లను బెంగాల్లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మార్చి పోలీసులకు, జైలు కాపలావాళ్లకు ఇచ్చిన మస్కెట్లకు వాడిన సరుకది. పన్నెండు బోర్ తూటాకు అడుగు అంచు వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లయితే, దీనికి 14 కూడా ఉండదు.

షాట్‌గన్ తూటాలా కనిపిస్తూ అది కానివీ ఉన్నాయి. సిగ్నల్ పిస్టల్ తూటాల్లో కొన్నిటికి అంచు మీద గరుకు పళ్లుంటాయి, చీకట్లో వేలితో తడిమి ఏ రంగు వెలుగో తెలుసుకోవడానికి. విమానం ఇంజన్ స్టార్ట్ చేసే కాఫ్‌మన్ తూటా కూడా చూడ్డానికి పెద్ద సైజు షాట్‌గన్ తూటాయే. యుద్ధకాలంలో అమెరికా విమానాలు ఓవర్‌హాల్‌కు వచ్చిన ఊరిది, ఏ పెట్టెలోనో అలాంటిదొకటి ఉన్నా నేను ఆశ్చర్యపోను.

పాతది కదా, మందు చచ్చిపోయి ఉంటుందిలే అని కొందరు చిలుము పోవడానికి చింతపండు పెట్టి తోముతారు! ఆ కాలపు తూటాల అడుగున మందును అంటించే క్యాపుల్లో చాలావాటిలో పాదరసపు ఫల్మినేట్ ఉండేది, దెబ్బ తగిలితే అంటుకునే సరుకు. ఇంకొందరు పాత సామాన్లవాడికి ఇత్తడి లెక్కన తూకం వేస్తారు. అక్కణ్నుంచి అది కొలిమిలోకి వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

1959 ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం, ఏ కారణం చేతనైనా ఉంచుకునే హక్కు పోయిన తూటాలను ఆలస్యం లేకుండా దగ్గరి స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలరు దగ్గర గానీ జమ చేయాలి. అదే చట్టం 25వ సెక్షన్ లైసెన్సు లేకుండా ఉంచుకుంటే జైలంటుంది. తెలిసి ఉంచుకున్నాడా లేదా అన్నది కోర్టులు చూస్తాయి, నిజమే. కానీ తాత పెట్టె కోసం కోర్టు మెట్లెక్కే ఓపిక ఎవరికుంది? కొడగు (కూర్గ్) ప్రాంతపు కొడవ జనానికైతే 2029 దాకా తుపాకీ లైసెన్సు నుంచి మినహాయింపు ఉంది. మిగతా మనకు అదీ లేదు.

తమంతట తాము చెప్పినవాళ్ల మీద కేసు పెట్టబోమని హోం శాఖ కన్నడం, తెలుగు, తమిళం, ఉర్దూల్లో స్పష్టంగా ప్రకటించాలి. ఫోన్ చేస్తే ఆర్మరరో (పోలీసుల ఆయుధాలు చూసుకునే ఉద్యోగి) బాంబు నిర్వీర్య దళమో ఇంటికే వచ్చి తీసుకెళ్లాలి. ఇప్పుడైతే జనమే సంచిలో వేసుకుని బయలుదేరుతున్నారు. మెట్రో స్కానర్ దగ్గర దొరికితే, అప్పగించడానికే తెస్తున్నానంటే నమ్మేదెవరు? అది ఏ తూటా, ఏ కాలంది అన్నది మడివాళ ఫోరెన్సిక్ ల్యాబ్‌లో బాలిస్టిక్స్‌వాళ్లు (తుపాకులు, తూటాలు పరీక్షించేవాళ్లు) తేల్చుకోవాలి. తెచ్చినవాణ్ని అడగడం కాదు. అరుదైనదని తేలితే మందు తీసేసి సాపర్స్ మ్యూజియానికి ఇవ్వవచ్చు.

ఈలోగా ఎవరికైనా దొరికితే కదపకండి, తోమకండి, విప్పకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, పిల్లలను ఆ గదిలోకి రానివ్వకుండా పోలీసులకు ఫోన్ చేయండి. స్టేషన్‌వాళ్లు కూడా "గుర్తు తెలియని పాత తూటాలు, ఇన్ని" అని రాసి రసీదు ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
హలసూరు, బెంగళూరు