నాలుగంగుళాల పలకకు, దాన్ని చేసిచ్చిన చేతులకు కృతజ్ఞతలు

చెన్నైలో మేధో వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు అదుపు తప్పడం) ఉన్న యువతీయువకులకు మందుల షాపు కవర్ల తయారీ నేర్పే మా శిక్షణ గదికి సాయపడ్డ మన తెలుగువాళ్లందరికీ నమస్కారాలు. ఎవరి సాయం ఏ పనికొచ్చిందో విడమరిచి చెబుతున్నాం. ఇదే పని నేర్పే వేరేవాళ్లకూ అక్కరకొస్తుందని ఆశ.

ముందుగా పాత వణ్ణారపేట వడ్రంగి అన్నగారికి. 4×6 అంగుళాల కవరుకు 8.5×6.75 అంగుళాల కాగితం కావాలి: ముందు వెనకలకు నాలుగేసి, పక్క అతుక్కి అర, అడుగు మడతకి ముప్పావు. స్కేలు పెట్టి గీసి మడవమంటే చాలామందికి చేతకాదు, అది వాళ్ల తప్పూ కాదు. అన్నగారు చేసిన 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక చుట్టూ కాగితం తిప్పితే కొలత దానంతటదే వస్తుంది. మొదటి పలక అంతటా సరిగ్గా నాలుగంగుళాలు ఉండటంతో కవరులో బిగుసుకుపోయింది, లాగితే అతుకు ఊడేది. ఆయన వచ్చి చూసి, అడుగువైపు కొసను వెడల్పులో 2 మిల్లీమీటర్లు సన్నం చేశారు, అంచులు ఉప్పుకాగితంతో నున్నగా రుద్దారు, పైన లావుపాటి గుండ్రని పిడి బిగించారు. వేళ్లు బిగుసుకుపోయేవాళ్లకు ఆ పిడే ఆధారం. ఇప్పుడు ఆరు పలకలున్నాయి. డబ్బు తీసుకోలేదు.

ఆండర్సన్ వీధి కాగితాల వ్యాపారి గారు 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువున్న) బ్రౌన్ కాగితాన్ని మా కొలతకు కోయించి ఇచ్చారు. అంతకన్నా పెద్ద సాయం, నార వాటం, అంటే కాగితంలో పోగులు సాగిన దిక్కు, చూసి కోయించడం. నార కవరు పొడవు వెంట ఉండాలి. అడ్డంగా ఉంటే పక్క మడత పగులుతుంది, జిగురు తడికి అతుకు మెలిపడుతుంది. చింపి చూస్తే తెలిసిపోతుంది: నార వెంట నిటారుగా చిరుగుతుంది, అడ్డంగా అయితే వంకర పోతుంది.

బైండింగ్ తాతగారికి పాదాభివందనం. జిగురు ఎక్కువై లోపలికి కారి కవరు నోరు మూసుకుపోవడమే మా పెద్ద బెడద. పది కాగితాలను మెట్లమెట్లుగా, ఒక్కోదాని అంచు అరంగుళమే కనబడేలా పరిచి, ఒక్కసారి బ్రష్ లాగడం ఆయన నేర్పారు. అంచు మేరకే జిగురు తగులుతుంది. 100 గ్రాముల మైదాను ముందు 150 మిల్లీలీటర్ల చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరో 450 మిల్లీలీటర్ల మరిగే నీళ్లు పోస్తూ, పాల తెలుపు పోయి మెరుపు తేలేదాకా కాచాలి. బైండింగు పనిలో పురుగు పట్టకుండా మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తారు. అది విషం. వేళ్లు నోట్లో పెట్టుకునేవాళ్లున్న చోట వేయకూడదు. అందుకే ఏ రోజు జిగురు ఆ రోజే. చెన్నై ఎండకు మర్నాటికి పులుస్తుంది.

పెరంబూరు పిన్నిగారు కవరు తయారీలోని ఏడు మెట్లకు ఏడు బొమ్మలు గీసిచ్చారు. మాటతో వచ్చే తికమక అంతా ఇంతా కాదు. ఇంట్లో తెలుగు, గదిలో తమిళం. తమిళ టీచరు ‘ఒట్టు’ అంటే అంటించమని. తెలుగు చెవికి అది ‘ఒత్తు’లా వినబడి, జిగురు రాయకుండానే అదిమేస్తున్నారు. ఇప్పుడు బొమ్మ చూపించి, సైగ చేసి, ఒకే మాట వాడుతున్నాం. నేర్పేది చివరి మెట్టు నుంచి. మొదటిరోజు పలక బయటికి లాగడం ఒక్కటే. పూర్తయిన కవరు తమ చేతిలోకి రావడం చూస్తారు, మర్నాడు వాళ్లే ముందొచ్చి కూర్చుంటారు.

కొళత్తూరు మెడికల్ షాపు తమ్ముడు మొహమాటపడకుండా చెడ్డ కవర్లు వేరుచేసి తిరిగి పంపిస్తున్నాడు. ఎందుకు చెడిందో కవరు మీదే రాస్తున్నాడు. జాలిపడి అన్నీ తీసుకుంటే మేం నేర్చుకునేది ఉండదు. తమిళనాడులో 2019 జనవరి 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం ఉంది కాబట్టి ఈ పనికి గిరాకీ నిజమైనదే. లెక్క రానివాళ్లు పది గడుల అట్ట మీద గడికొకటి పెట్టి, నిండగానే కట్ట కడతారు. రబ్బరు బ్యాండు సాగదీయలేనివాళ్లకు ముందే అంటించిన కాగితం పట్టీ తొడిగితే సరి.

వకీలు అక్కగారు అయిదు కుటుంబాలకు గార్డియన్‌షిప్ కాగితాలు నింపిపెట్టారు. పద్దెనిమిది నిండాక తల్లిదండ్రులు చట్టరీత్యా సంరక్షకులు కారని చాలా ఇళ్లలో తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీకి (లోకల్ లెవెల్ కమిటీ) దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇక అక్టోబరు వస్తోంది. డిసెంబరు దాకా వానలు. కాగితం చెమ్మ పీలుస్తుంది, అతుకులు ఆరవు, కట్టలో కవర్లు ఒకదానికొకటి అంటుకుంటాయి. బిగుతు మూతున్న పాత బిస్కెట్ డబ్బాలు, పెద్దవి, మీ ఇళ్లలో ఉంటే ఇరవై దాకా కావాలి. కడగనక్కర్లేదు, మేం తుడుచుకుంటాం.