జావాస్క్రిప్టులో ‘నా’ అంటే ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

డిగ్రీ విద్యార్థులకు కంప్యూటర్ పాఠాలు చెప్పే అధ్యాపకురాలిని. వెబ్ పేజీలను పనిచేయించే ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్టులో ఆబ్జెక్టు, మెథడ్ అనే రెండు మాటలను మనం పిల్లల చేత నిర్వచనాలుగా వల్లె వేయిస్తున్నాం. పరీక్షలో మార్కులు పడుతున్నాయి గాని, కీబోర్డు ముందు కూర్చోబెడితే, ముఖ్యంగా తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారికి, చేయి ఆడడం లేదు. ఈ పద్ధతి మారాలని నా విన్నపం.

నేను కిరాణా కొట్టు అరువు ఖాతాతో మొదలుపెడతాను. ఒక్కొక్కరికి ఒక్కో పుట, అందులో పేరు, ఊరు, బాకీ. ఆ పుటే ఆబ్జెక్టు, ఆ మూడూ దాని ప్రాపర్టీలు. సరుకు అరువిచ్చినప్పుడు బాకీ పెంచే పనిని, డబ్బు కట్టినప్పుడు తగ్గించే పనిని కూడా ఆ పుటకే అప్పగిస్తే అవి మెథడ్లు. ప్రాపర్టీల పేర్లను జావాస్క్రిప్టు తెలుగు లిపిలోనూ అంగీకరిస్తుంది. బ్రౌజరులో ఎఫ్12 నొక్కి, ఆదేశాలు టైపు చేసే కన్సోలులో ‘ఖాతా.బాకీ’ అని కొట్టగానే కింద 450 అని జవాబు వస్తే, వెనక బెంచీలవాళ్లు కూడా లేచి ముందుకు వస్తారు.

తప్పులూ అలాగే కంటికి కనబడతాయి. మొన్న ఒక విద్యార్థి ‘బాకీ’కి బదులు ‘బాకి’ అని హ్రస్వం పెట్టాడు. 1995లో నెట్‌స్కేప్ అనే బ్రౌజరు సంస్థలో పుట్టిన ఈ భాష స్వభావం ఏమిటంటే, లేని ప్రాపర్టీని అడిగితే తప్పని చెప్పదు, ‘అన్‌డిఫైన్డ్’ అని ఊరుకుంటుంది. దానికి 200 కలిపితే ‘ఇది సంఖ్య కాదు’ అనే అర్థంలో ఎన్-ఏ-ఎన్ అని మూడక్షరాలు చూపుతుంది. ఒక్క దీర్ఘం కోసం అరగంట వెతికాడు. అలా వెతికి పట్టుకున్న తప్పు ఏ నిర్వచనం కన్నా ఎక్కువ కాలం గుర్తుంటుంది.

అసలు చిక్కు మెథడు లోపల దాని ఆబ్జెక్టును సూచించడానికి రాసే ‘దిస్’ (this) అనే మాట దగ్గర ఉంది. దాన్ని ‘ఇది’ అని తెలుగు చేసి చెప్పడంతోనే తికమక మొదలవుతుంది. ‘నా’ అని చెప్పాలి. ‘నా బాకీ’ అని రాజయ్య అంటే రాజయ్య బాకీ, లక్ష్మమ్మ అంటే లక్ష్మమ్మ బాకీ. మాట ఒకటే అయినా పలికిన నోటిని బట్టి అర్థం మారుతుంది. మెథడును పిలిచేటప్పుడు చుక్కకు ఎడమ పక్కన ఉన్న ఆబ్జెక్టే ఆ పలికే మనిషి. అదే మెథడును విడదీసి, వేరే పేరు కింద దాచుకుని ఒంటరిగా పిలిస్తే, ఆ ‘నా’ ఎవరిదో తెలియక లెక్క తప్పుతుంది. 2015 నాటి భాషా ప్రమాణంతో వచ్చిన, బాణం గుర్తుతో కురచగా రాసే యారో ఫంక్షన్లకు సొంత ‘దిస్’ ఉండదు కాబట్టి, బాకీ మార్చే మెథడ్లను వాటితో రాయరాదని కూడా అప్పుడే చెప్పేయాలి.

పిల్లలు తికమకపడే మరో చోటు ఉంది. ఒక ఖాతాను ఇంకో పేరుకు కేటాయించినంత మాత్రాన రెండో ఖాతా తయారుకాదు. ఇంట్లో చిన్ని అన్నా, బడిలో సరోజ అన్నా పిల్ల ఒక్కతే.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ‘ఆబ్జెక్టును నిర్వచించండి’ అనే ప్రశ్నను మాని, పది పంక్తుల ప్రోగ్రాము ఇచ్చి చివరికి బాకీ ఎంత తేలుతుందో, ఎందుకో రాయమని అడగాలి. మీరు కూడా విద్యా పేజీలో వారానికొక చిన్న కన్సోలు అభ్యాసాన్ని తెలుగు పేర్లతో ప్రచురించాలని కోరుతున్నాను. మొదటి వారానికి ఈ ఖాతా పుటను నేనే రాసి పంపుతాను.

– ఒక కంప్యూటర్ అధ్యాపకురాలు, ఖమ్మం జిల్లా