పాటిమన్ను ఎత్తితే పోయేదేమిటి?

సంపాదకులకు,

కొండాపూర్ అనగానే మన హైదరాబాద్‌లో ఐటీ ఆఫీసులే గుర్తొస్తాయి. నేను రాస్తున్నది సంగారెడ్డి జిల్లా కొండాపూర్ కోటగడ్డ గురించి. నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ 1940ల మొదట్లోనూ, కేంద్ర పురావస్తు శాఖ 2009 తర్వాతా తవ్విన శాతవాహనుల కాలపు పాత ఊరి దిబ్బ అది. అక్కడ దొరికిన నాణేలు, తెల్లమట్టి బొమ్మలు పక్కనే మ్యూజియంలో చూడొచ్చు. ఇలాంటి దిబ్బల మీద తొలకరికి తేలిన పూసో పెంకో జేబులో వేసుకుని, ‘నేల మీద పడున్నదే కదా’ అంటారు చాలామంది.

అలాంటి ఊళ్లలో మట్టిగోడ కూలితే దాన్నే చదును చేసి, అలికి, మళ్లీ పొయ్యి పెట్టుకునేవాళ్లు. అందుకే దిబ్బను నిలువునా కోస్తే బూడిద చార, అలుకు చార, ఇటుకముక్కల పొర ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. తవ్వేవాళ్లు పైనుంచి కిందికి వాటికి నంబర్లు వేస్తారు. కందకానికీ కందకానికీ మధ్య గట్టు వదిలేది పొరలు సరిచూసుకోవడానికే. చిక్కంతా పాత గోతులతో. తర్వాతి కాలంవాళ్లు ధాన్యం పాతరకు తవ్విన గొయ్యి నాలుగు పొరలు కోసుకుని దిగుతుంది. దాని అడుగున దొరికిన నాణెం ఆ లోతు కాలానిది కాదు. గొయ్యి అంచు ఏ పొరలో మొదలైందో చూసుకుని, అందులోని మన్ను విడిగా ఎత్తాలి. నల్లరేగడిలో అయితే ఎండాకాలపు నెర్రెల్లోంచి సన్న పూసలు కిందికి జారతాయి కూడా.

గుప్తనిధులకని తవ్వేవాడు ఇదంతా కలిపేస్తాడు. పాటిమన్ను, అంటే ఇలాంటి పాత ఊరి దిబ్బల మన్ను, పొలాలకు తోలినా జరిగేది అదే. రైతును తప్పుపట్టలేం. బూడిద, ఎముకలు, పేడ కలిసిన ఆ మన్నులో భాస్వరం దండిగా ఉంటుంది. అయితే పై మూడడుగులు పోయిన దిబ్బను రేపు తవ్వితే, ఊరు ముందే పాడుబడిందని పొరబడతాం.

ప్రాచీన కట్టడాలు, పురావస్తు స్థలాల రక్షణకు చేసిన 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం చుట్టూ 100 మీటర్లలో నిర్మాణాలు నిషిద్ధం, ఆపై 200 మీటర్లలో వాటికి అనుమతి తప్పనిసరి. బోర్డు మీద ఈ మాట రాస్తే చాలదు. ఆ గీత ఎవరి చెలక దాకా వస్తుందో తెలిసేలా హద్దురాళ్లు పాతాలి, సర్వే నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించాలి.

నాణెం కంటపడితే కదపకుండా పక్కన పెన్ను పెట్టి ఫొటో తీసి, మ్యూజియం సిబ్బందికో తహసీల్దారుకో చెప్పండి. చింతపండుతో మాత్రం తోమొద్దు. సీసం నాణెమైతే పులుపుకు అక్షరాలు కూడా చెరిగిపోతాయి.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్