శీను బండికి పట్టీ ఎందుకు వద్దన్నానంటే

ప్లేనో, టెక్సస్
అక్టోబరు 12

బాబాయ్‌కి నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. పిన్ని మోకాలి నొప్పి తగ్గిందని అమ్మ చెప్పింది, సంతోషం. శీను బండి సంగతి ఫోనులో తేలేది కాదని ఉత్తరం రాస్తున్నాను. "వెనక కూర్చుంటోందంటే కమాన్ కట్టకి ఓ పట్టీ వేస్తే పోయె, దానికింత పురాణమా" అన్నావు. ఆటోనగర్‌లో నీ చేతిమీదుగా వెళ్ళిన బళ్ళకి ఆ మాట నిజమే. ఈ బండి వెనక కూర్చోవడం కమాన్ల, అంటే ఆ ఉక్కు పట్టీల స్ప్రింగుల తప్పు కాదు. అది నీకు అంకెలతో చెబితేనే ఒప్పుకుంటావు కాబట్టి అంకెలే రాస్తున్నాను.

బండి 2019 ఫోర్డ్ ఎఫ్-150 పికప్, నాలుగు తలుపులది. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు. దాని వెనక వాడి టిఫిన్ ట్రెయిలర్ సరుకుతో కలిపి 6,000 పౌండ్లు, అంటే మన లెక్కలో 2,720 కిలోలు. తగిలించగానే వెనక మూడంగుళాలు దిగుతోంది.

డ్రైవరు తలుపు తీస్తే స్తంభం మీద రెండు స్టిక్కర్లుంటాయి. ఒకదానిలో బండి మొత్తం బరువు హద్దు, ముందు ఇరుసు హద్దు, వెనక ఇరుసు హద్దు విడివిడిగా ఉంటాయి. శీను బండికి మొత్తం 6,600 పౌండ్లు, వెనక ఇరుసుకి 3,800. రెండోది పసుపు గీత ఉన్న టైర్ల స్టిక్కర్. మనుషులు, సరుకు కలిపి ఇంతకు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. వీడి బండికి 1,580 పౌండ్లు. ఇదే మోడల్‌లో పక్కింటి బండికి ఇంకో అంకె ఉండొచ్చు. సన్‌రూఫ్, పెద్ద సీట్లు, ఫోర్ వీల్ డ్రైవ్ లాంటివి పెరిగిన కొద్దీ ఈ అంకె తగ్గుతుంది. అందుకే బ్రోషర్‌లో రాసింది కాదు, తలుపు దగ్గరున్నదే చూడాలి. "హాఫ్ టన్" అని ఇక్కడ అందరూ పిలిచే పేరు పాతకాలంది, దానికీ ఇప్పటి బరువుకీ పొంతన లేదు.

ఇక వాడు మోస్తున్నది చూడు. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద, అంటే బండి వెనక ట్రెయిలర్ తగిలించే ఉక్కు గుండు మీద పడాలి. అంతకన్నా తక్కువైతే హైవే మీద ట్రెయిలర్ తోక ఊపుతుంది. 12 శాతం వేసుకుంటే 720 పౌండ్లు. హిచ్ సామాను 100, ఇద్దరు మనుషులు 340, తొట్టిలో జనరేటరు, డబ్బాలు 400. మొత్తం 1,560. ఇంక మిగిలింది 20 పౌండ్లు, ఇక్కడి ఇండియన్ షాపులో దొరికే బియ్యం మూట ఒక్కటి.

అసలు కిటుకు బాల్ ఎక్కడుందన్న దాంట్లో ఉంది. ముందు ఇరుసు నుంచి వెనక ఇరుసుకి 145 అంగుళాలు. బాల్ వెనక ఇరుసుకి సుమారు 48 అంగుళాలు అవతల ఉంది. గునపం వేసి రాయి లేపినట్టే. 720 ని 193 తో హెచ్చవేసి 145 తో భాగించు, వెనక ఇరుసు మీద పడేది 958 పౌండ్లు. పెరిగిన ఆ 238 ముందు చక్రాల మీద నుంచి వచ్చిందే. అంటే వెనక దిగడంతో పాటు ముందు తేలికైంది. స్టీరింగ్ తేలిపోతుంది, ముందు బ్రేకుల పట్టు తగ్గుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి.

ఇప్పుడు నీ పట్టీ వేశామనుకో. వెనక మూడంగుళాలూ లేస్తుంది, బండి చూడ్డానికి తిన్నగా నిలబడుతుంది. కానీ ముందు నుంచి పోయిన 238 తిరిగి రాలేదు. స్ప్రింగు ఎత్తును మారుస్తుంది తప్ప, ఏ ఇరుసు మీద ఎంత బరువుందన్నది మార్చదు. పట్టీకైనా, గాలి బెలూన్లకైనా, రబ్బరు దిమ్మలకైనా ఇదే వర్తిస్తుంది.

ఈ బండికి కావలసింది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. రెండు ఉక్కు బార్లు హిచ్ నుంచి ట్రెయిలర్ ఫ్రేముకి బిగుస్తాయి. అవి మీట లాగా పనిచేసి కొంత బరువును ముందు చక్రాలకి, కొంత ట్రెయిలర్ చక్రాలకి పంపుతాయి. ఎఫ్-150 కింద రిసీవర్ మీద, అంటే హిచ్ దూర్చే గొట్టం మీద ఇంకో స్టిక్కర్ ఉంటుంది. ఈ హిచ్ లేకుండా లాగగలిగేది 5,000 పౌండ్లే, బాల్ మీద 500 పౌండ్లే అని. వీడు ఆ రెండూ దాటాడు. తలుపు స్టిక్కర్ చూసినవాళ్ళు కూడా దీన్ని చూడరు, బంపరు కిందకి వంగాలి కదా.

బిగించే పద్ధతి ఇది. ట్రెయిలర్ లేకుండా ముందు చక్రం పైన ఫెండర్ అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవాలి. బార్లు లేకుండా ట్రెయిలర్ తగిలించి మళ్ళీ కొలవాలి, ముందు లేచి ఉంటుంది. తర్వాత బార్లు బిగిస్తూ, లేచినదాంట్లో మాన్యువల్ చెప్పినంత కిందకి తేవాలి. సగం దించమని చెప్పే మాన్యువల్స్ ఎక్కువ. మొత్తం దించేదాకా బిగిస్తే వెనక చక్రాలు తేలిక అయిపోయి తడి రోడ్డు మీద జారతాయి.

నువ్వడిగిన కంపెనీ స్ప్రింగు రేటింగు సంగతి. ఇక్కడ రెండు అంకెల్ని కలిపేసి మాట్లాడతారు, గొడవంతా అక్కడే. ఒకటి గట్టిదనం, అంటే అంగుళం దిగడానికి ఎన్ని పౌండ్లు కావాలన్నది. రెండోది మోత, అంటే ఫలానా ఎత్తులో ఎంత బరువు ఆపుతుందన్నది. మెత్తటి స్ప్రింగుకి వంపు ఎక్కువ పెట్టినా ఎక్కువ బరువు ఆపుతుంది, కానీ గోతిలో ఎక్కువ దిగుతుంది. మోత అంకెలోనూ తిరకాసుంది. "నేల దగ్గర" అని రాస్తే అందులో ఇరుసు, చక్రాలు, టైర్ల సొంత బరువు కూడా కలిసి ఉంటుంది. కమాన్ మోసేది దానికన్నా తక్కువ. ఇరుసు, చక్రాలు కలిపి 600 ఉంటే, నేల దగ్గర 3,800 అన్న జత కమాన్ల మీద మోసేది 3,200. ఏ కమాన్ వేశారో తెలియాలంటే ఫోర్డ్ స్టిక్కర్‌లో ఎస్‌పీఆర్ అన్న గడిలో కోడ్ ఉంటుంది. అది పార్టుల కౌంటర్లో చెబితే నంబరు ఇస్తారు.

ఇరుసు హద్దు 3,800 అని ఎందుకు పెట్టారన్నది స్టిక్కర్ చెప్పదు. కమాన్, హౌసింగ్, బేరింగు, రిమ్ము, టైరు, వీటిలో అన్నిటికన్నా తక్కువ మోసేది ఏదో దాన్ని బట్టే ఆ హద్దు. ఉదాహరణకి టైరు చూడు. టైరు మీద రాసే మోత కోడ్, లోడ్ ఇండెక్స్, 116 అంటే 1,250 కిలోలు. అది కారు రకం టైరు కాబట్టి పికప్‌కి వేసినప్పుడు 1.10 తో భాగించాలి, 1,136 వస్తుంది. జతకి 2,272 కిలోలు, అంటే 5,000 పౌండ్ల పైచిలుకు. టైరు అడ్డం కాదని తేలింది. మిగతా వాటిలో ఏది తక్కువో బయటినుంచి తెలియదు. కాబట్టి కమాన్ ఒక్కటి బలం చేస్తే హద్దు పెరగదు, చట్టం దగ్గర కూడా పెరగదు.

కమాన్లు నిజంగా నీరసించాయా అని చూడ్డానికి శీనుకి ఒక పరీక్ష చెప్పాను. 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు పది, సరిగ్గా ఇరుసు పైన పెట్టాలి. ముందు ఐదు, తర్వాత ఐదు. ప్రతిసారీ చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచుకి కొలవాలి. కొలిచే ముందు బండిని రెండడుగులు ముందుకీ వెనక్కీ కదపాలి, లేకపోతే పట్టీల మధ్య రాపిడి వల్ల అరంగుళం అబద్ధం చెబుతుంది. 400 పౌండ్లకి ముప్పావు అంగుళం దిగితే రెండు కమాన్లకీ కలిపి అంగుళానికి సుమారు 530. ఆ లెక్కన వాడి లోడుకి మూడంగుళాలు దిగడం మామూలే. బరువు పెరిగాక అడుగున మందంగా, తిన్నగా ఉండే పట్టీ తగులుకుని గట్టిపడాలి. ఖాళీ బండిలోనే అది తగిలి ఉంటే గానీ, ఎడమా కుడీ మధ్య అరంగుళం పైన తేడా ఉంటే గానీ, కమాన్ పోయినట్టు.

అప్పుడైనా పట్టీ ఒకటి చేర్చడం కన్నా కట్ట మొత్తం మార్చడమే నాకిష్టం. 8 మిల్లీమీటర్ల పట్టీ బదులు 10 ది పెడితే గట్టిదనం దాదాపు రెట్టింపవుతుంది, ఎందుకంటే మందం మూడుసార్లు హెచ్చవేసిన లెక్క. అలసిన పట్టీల పక్కన కొత్త గట్టి పట్టీ పెడితే బరువంతా దాని మీదే పడుతుంది. పొట్టి పట్టీ అయితే దాని చివర పై పట్టీని నొక్కుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. పాతవాటిని సుత్తితో కొట్టి వంపు తేవడం ఇక్కడా చేస్తారు. మళ్ళీ కాల్చి, నూనెలో ముంచి, పదును పెట్టకపోతే అది ఎన్నాళ్ళుంటుందో నీకు నేను చెప్పాలా.

మార్చేటప్పుడు ఇక్కడివాళ్ళు పొరపాటు చేసేది మూడు చోట్ల. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు ఒకసారి సాగినవి మళ్ళీ వాడకూడదు, కొత్తవే వేసి ఎదురెదురుగా బిగించి, 500 మైళ్ళయ్యాక మళ్ళీ చూడాలి. పట్టీలన్నిటినీ కలిపి పట్టే సెంటర్ బోల్టు తీసేముందు కట్టకి రెండు వైపులా క్లాంపులు వేయాలి, లేకపోతే పట్టీలు ఎగిరొస్తాయి. కమాన్ చివర ఊగే షాకిల్ బోల్టులు చక్రాలు నేల మీద ఆనాకే చివరిగా బిగించాలి. జాకీ మీద ఉండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలితిరిగినట్టే ఉండిపోయి ఏడాదిలో చినుగుతుంది.

హిచ్ సరిచేశాక కూడా వెనక ఒకంగుళం దిగువగా ఉంటే గాలి బెలూన్లు పెట్టుకోమన్నాను. ఖాళీగా తిరిగేటప్పుడు గాలి తీసేస్తే బండి ఎప్పటిలా మెత్తగా ఉంటుంది, పట్టీకి ఆ వెసులుబాటు లేదు. చాలా కిట్లకి గరిష్ఠం 100 పీఎస్ఐ, కనీసం 5 ఎప్పుడూ ఉండాలి. పూర్తిగా గాలి తీసి నడిపితే బెలూన్ మడతలో నలిగి చిల్లు పడుతుంది. రెండు బెలూన్లకి విడి గొట్టాలు వేయాలి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో బయటి బెలూన్ గాలి లోపలిదానికి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. సైలెన్సరు దగ్గరున్న దానికి రేకు అడ్డం పెట్టాలి. వరస కూడా ముఖ్యం, ముందు గాలి, తర్వాత బార్లు. బార్లు బిగించాక గాలి కొడితే బార్ల బిగువు సడలుతుంది, ముందుకి పంపిన బరువు మళ్ళీ వెనక్కి వస్తుంది.

ఆఖరున దారిలో ట్రక్ స్టాప్‌లో లారీలు తూచే కాటా, క్యాట్ స్కేల్ మీద మూడుసార్లు తూయమన్నాను: బండి ఒక్కటే, బార్లు లేకుండా ట్రెయిలర్‌తో, బార్లతో. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ విడివిడిగా చీటీలో వస్తాయి. వెనక ఇరుసు 3,800 దాటితే జనరేటరు తొట్టిలోంచి ట్రెయిలర్ లోకి, దాని చక్రాల పైకి మార్చాలి. ముందుకి గానీ వెనక్కి గానీ జరిపితే బాల్ మీద బరువు మారిపోతుంది.

నిన్ను ఒకటి అడగాలి. అక్కడ నువ్వు పట్టీలు చేర్చే పికప్పుల్లో వెనక ఇరుసు దగ్గర బ్రేకు గొట్టానికి ఒక చిన్న కడ్డీ తగిలించిన వాల్వు ఉంటుందా? బండి ఎంత కిందకి దిగితే వెనక బ్రేకుకి అంత ఒత్తిడి పంపేది. పట్టీతో బండి లేచిందంటే, నిండా లోడున్నా అది ఖాళీ బండే అనుకుని వెనక బ్రేకు తగ్గిస్తుంది. కడ్డీ సర్దకుండా అలాంటి బండిని బయటికి పంపకు.

శీను చీటీలు తెచ్చాక ఫోటో నీకే ముందు పంపమన్నాను. పిన్నికి నమస్కారాలు, చంటిదానికి ముద్దులు.

నీ
రాంబాబు