ఆ రాత్రి మేలుకుని ఉన్నవారికి

మన వాట్సాప్ గ్రూపు సభ్యులందరికీ నమస్కారం.

మొన్నటి వాయుగుండం రాత్రి నిద్ర మానుకుని అడ్మిన్లమైన మా ముగ్గురికీ తోడుగా నిలిచినవారికి నాలుగు రోజులుగా ఈ మాటలు రాద్దామనుకుంటూనే ఉన్నాను. పెరట్లో నీళ్లు తోడుకోవడంతోనే, కరెంటు కోసం ఎదురుచూడడంతోనే సరిపోయింది. పేర్లు బయటపెట్టవద్దని కొందరు కోరారు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వారికి తెలిసిపోతుంది.

కొత్తగా చేరినవారి కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను మన పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి. ఫోన్లు మూగబోయాయి. చెన్నైలో, హైదరాబాదులో, గుజరాత్‌లోని వెరావల్ రేవులో పనిచేసుకుంటున్న మన పిల్లలకు ఇక్కడ అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలుసుకునే దారి లేకపోయింది. ఆ బాధలోంచి పుట్టినది ఈ గ్రూపు. వాట్సాప్‌లో ఒక గ్రూపుకు 1,024 మందికి మించి చేర్చలేం కనుక ఇప్పుడు మూడు గ్రూపులయ్యాయి. చూసుకునేవాళ్లం మాత్రం ముగ్గురమే. సోంపేటలో కొట్టు నడుపుకుంటున్న తమ్ముడు, విశాఖలో ఉద్యోగం చేస్తున్న చెల్లెలు, లెక్కల మాస్టారుగా పదవీ విరమణ చేసిన నేను.

ఆ రాత్రి ఒడిశా కొండల్లో కురిసిన వానకు వంశధార పొంగింది. రాత్రి 11 దాటాక ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరిదో ఏడుపు గొంతు. ‘పైన బ్యారేజీ తెగిపోయింది, ఏటి ఒడ్డు ఊళ్లు మునిగిపోయాయి, వెంటనే పారిపొండి’ అని. దాని వెనకే ఒక వీడియో. రేకుల ఇంటి మీద కొబ్బరిచెట్టు విరిగిపడి ఉంది, ఒక ముసలాయన తల పట్టుకుని కూర్చున్నాడు. పది నిమిషాల్లో మూడు గ్రూపులూ ఆ రెండింటితో నిండిపోయాయి. వెరావల్ నుంచి ఒకేసారి ఐదారుగురు ఫోన్లు చేశారు. చీకట్లో ముసలివాళ్లను, పసిపిల్లలను తీసుకుని ఎవరైనా ఆ వానలో బయలుదేరితే ఏమవుతుందోనన్న భయంతో నా చేతులు వణికాయి.

అప్పుడు వజ్రపుకొత్తూరు మండలం నుంచి ఒక అమ్మాయి నాకు విడిగా రాసింది. ‘మాస్టారూ, ఆ వీడియోలోది మా ఇల్లే. తలపట్టుకున్నది మా తాతయ్య. అది తిత్లీ నాటిది. ఆ రేకుల ఇల్లు తీసేసి డాబా వేసుకున్నాం’ అంది. అంతటితో ఊరుకోలేదు. టార్చిలైటు పట్టుకుని వానలోకి వెళ్లి అదే చోట ఫొటో తీసి పంపింది. వీడియోలో కనిపించిన బావి గట్టే, దాని మీద అదే పగులు. పక్కన అప్పటి చెట్టు లేదు. తిత్లీ తరువాత నాటిన కొబ్బరి మొక్క డాబా ఎత్తుకు ఎదిగి కనిపించింది. ఆ చెట్టు చెప్పిన సాక్ష్యం ముందు ఇక ఎవరూ వాదించలేదు.

ఆ అమ్మాయి రాసిన చివరి మాట నన్ను ఇంకా కదిలించింది. ‘అది పెట్టిన అబ్బాయి చెన్నైలో ఉన్నాడు. వాళ్ల అమ్మ ఇక్కడ ఒక్కతే ఉంది. కంగారులో పెట్టాడు. గ్రూపులో ఏమీ అనకండి, మాస్టారూ’ అని. తన ఇంటి కష్టాన్ని ఎవరో పనికిమాలిన ప్రచారానికి వాడుకున్నారు. కోపం రావాల్సింది ఆమెకే. ఆ స్థితిలో కూడా అవతలి మనిషి పరువు గురించి ఆలోచించింది. అమ్మా, నీకు మా ముగ్గురి నమస్కారాలు. ఇంట్లో తాతయ్యకు కూడా చెప్పు.

అదే సమయంలో మరొక సభ్యుడు హిరమండలంలో ఉన్న మేనమామకు ఫోను చేశాడు. అతను పంపిన సందేశాన్ని నేను దాచుకున్నాను. ‘11:40కి మావయ్యతో మాట్లాడాను. గొట్టా బ్యారేజీ దగ్గరే ఉన్నారు. గేట్లు ఎత్తి నీరు వదులుతున్నారు, బ్యారేజీకి ఏమీ కాలేదు. ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, ఒడ్డు ఊళ్లవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.’ ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, కళ్లతో చూసినదా, విన్నదా, అన్నీ అందులో ఉన్నాయి. ‘గ్రూపులో ఏదేదో వస్తోంది, చూడండి’ అని ఆ రాత్రి చాలామంది రాశారు. వారి ఆదుర్దా నాకు అర్థమవుతుంది. కానీ వందలాది సందేశాల్లో వారు దేన్ని చూడమంటున్నారో వెతకడానికే మాకు పావుగంట పట్టేది. ఫలానా సందేశం, ఫలానా సమయం, నాకు ఎందుకు అనుమానం వచ్చిందంటే, అని మూడు ముక్కలు రాసినవారు మాకు ఎంత సమయం మిగిల్చారో చెప్పలేను.

ఇంకొకరి సంగతి చెప్పాలి. వీరు చేసింది ఎవరికీ కనబడలేదు. అర్ధరాత్రి దాటాక ఇద్దరు సభ్యుల మధ్య గొడవ మొదలైంది. సహాయం ఏ ఊరికి ముందు వెళ్లిందన్నది కాస్తా కులం మీదికి, పార్టీల మీదికి పోయింది. మంటకు గాలి ఊదడానికి గ్రూపులో మనుషులు తక్కువేం లేరు. మందసలో ఉంటున్న ఒక పెద్దాయన మాత్రం గ్రూపులో ఒక్క అక్షరం రాయకుండా ఇద్దరికీ విడివిడిగా ఫోను చేసి మాట్లాడారు. అరగంటలో ఇద్దరూ తమ సందేశాలు తామే తీసేశారు. మేం ఒకరిని తొలగించి ఉంటే రెండోవారి వైపు నిలిచామన్న మాట మిగిలేది, ఒక ఊరే గ్రూపుకు దూరమయ్యేది. ఆ గొడవ చదివి కూడా జవాబు రాయకుండా ఊరుకున్న వందలమందికి కూడా కృతజ్ఞతలు చెప్పాలి. రెచ్చగొట్టే మాటకు జవాబు దొరకకపోతే అది అక్కడే పడి ఉంటుంది. నోటిదాకా వచ్చిన మాట మింగడం ఎంత కష్టమో నాకు తెలుసు.

తెల్లవారాక మరో ఉపద్రవం. వరద బాధితులకు విరాళాలంటూ ఎవరో ఒక క్యూఆర్ కోడ్ పెట్టారు. టెక్కలి సోదరి ఒకరు డబ్బు పంపబోతూ, చెల్లింపు తెరపై కనిపించిన పేరుకూ పోస్టులో ఉన్న పేరుకూ పొంతన లేదని గమనించారు. అది మాయం కాకముందే స్క్రీన్‌షాట్ తీసి, ఏ నంబరు నుంచి వచ్చిందో కూడా కనిపించేలా మాకు పంపారు. మేం వెంటనే తీసేశాం. అప్పటికే ఇద్దరు డబ్బు పంపేశారు. ఆ ఇద్దరూ సిగ్గుపడి దాచుకోలేదు. ‘మేం మోసపోయాం, ఎవరూ పంపకండి’ అని గ్రూపులోనే రాశారు, 1930 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేశారు. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న సహాయ నంబరు అది. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. మేం అడ్మిన్లుగా ఎన్ని హెచ్చరికలు రాసినా, ఆ ఇద్దరు రాసిన ఒక్క వాక్యం చేసిన మేలు చేయలేవు. మీ ధైర్యానికి మేం ఋణపడి ఉన్నాం.

మా పొరపాటు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. హడావిడిలో మేం ఒక నిజమైన సందేశాన్ని ఫార్వర్డ్ అనుకుని తీసేశాం. కవిటి వైపు ఒక తల్లికి ఇన్సులిన్ కావాలని ఆమె కొడుకు పెట్టినది. అతను గ్రూపులో మమ్మల్ని నిలదీయవచ్చు, తప్పు కాదు. కానీ నాకు విడిగా రాసి, డాక్టరు చీటీ ఫొటో పంపి, ‘మళ్లీ పెట్టవచ్చా?’ అని అడిగాడు. వెంటనే పెట్టించాం. మందు తెల్లవారేసరికి అందింది. బాబూ, నిన్ను క్షమించమని అడుగుతున్నాను. ఆ తరువాత ఏ సందేశం తీసినా ఎందుకు తీశామో పెట్టినవారికి ఒక వాక్యం రాయాలని ముగ్గురం నిర్ణయించుకున్నాం.

చెన్నై అబ్బాయి మరునాడు వీడియో తీసేసి ఊరుకోలేదు. ‘నేను పెట్టింది పాతది, ఎవరికైనా పంపి ఉంటే వారికి కూడా చెప్పండి’ అని మూడు గ్రూపుల్లోనూ రాశాడు. ఇది చాలా అవసరమైన పని. అడ్మిన్లుగా మేం మన గ్రూపులో ఉన్నదాన్ని అందరికీ కనబడకుండా తీసేయగలం. ఇక్కడినుంచి వేరే గ్రూపుకు వెళ్లిపోయినదాన్ని మాత్రం తాకలేం. దాన్ని వెంబడించి పట్టుకోగలిగింది పంపినవారే. రెండు బాణాల గుర్తుతో, చాలాసార్లు ఫార్వర్డ్ అయినట్లు కనిపించే సందేశాన్ని చూస్తే ఒక్క నిమిషం ఆగమని ఇప్పుడు అతనే అందరికీ చెబుతున్నాడు.

తుపానుల కాలం ఇంకా అయిపోలేదు. రాత్రుళ్లు గ్రూపు చూడడానికి మనుషులు కావాలని అడగగానే తొమ్మిదిమంది ముందుకు వచ్చారు. పన్నెండు నుంచి రెండు వరకు వంతు తీసుకున్నది ఆ చెన్నై అబ్బాయే. నిన్న రాత్రి అతని నుంచి సందేశం వచ్చింది. ‘మాస్టారూ, ఇచ్ఛాపురం వైపు రోడ్డు తెగిందని ఒక వీడియో పెట్టారు. ఎప్పటిదో, ఎక్కడిదో విడిగా అడిగాను. జవాబు వచ్చేదాకా ఉంచమంటారా, తీయమంటారా?’