విషయం: నా పాత టమగోచీ డొప్పల గురించి ఆరు వారాలుగా జవాబు లేకపోవడం

విశాఖపట్నం,
జూన్ 14.

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ యాప్‌లో నా ఫిర్యాదును మూడుసార్లు మూసేశారు. అందుకే కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. దీన్నైనా ఎవరో ఒకరు విప్పి చదువుతారని నా ఆశ.

కొత్త రెజిన్ డొప్ప చేయడానికి కొలత కావాలని మీరు అడిగితే, ఏప్రిల్ 9న నా పాత టమగోచీ (చిన్న తెర మీద ఒక ప్రాణిని పెంచే, చేతిలో పట్టే ఎలక్ట్రానిక్ బొమ్మ) పై డొప్పలు రెండూ, ముందుదీ వెనకదీ, మీకు పంపాను. కొత్తది మే 2న వచ్చింది. బటన్ల రంధ్రాలు కుదరలేదు. అది పెద్ద విషయం కాదు. చేతిపనిలో తప్పులు జరుగుతాయి, నేనూ ఆ పని చేసేదాన్నే. కానీ ఆ పార్సిల్‌లో నా పాత డొప్పలు లేవు.

మే 3న ఫోన్ చేశాను. ‘వర్చువల్ పెట్’ అనగానే అటువైపు అమ్మాయి “కుక్కా, పిల్లా మేడమ్?” అంది. ఓపిగ్గా చెప్పాను. “ఓ, చిన్నపిల్లల బొమ్మా! డబ్బులు వెనక్కి వేసేస్తాం, ఇంకోటి కొనుక్కోండి” అంది. డబ్బు వద్దు, నా డొప్పలు పంపండి అన్నాను. 48 గంటల్లో ఫోన్ వస్తుందంది. ఐదు రోజులు చూశాను, రాలేదు.

మళ్లీ చేస్తే ఫొటోలు అడిగారు. పంపాను. వారం తర్వాత ఇంకొకాయన అవే ఫొటోలు వేరే నంబరుకు పంపమన్నారు. పంపాను. తర్వాత, డబ్బా విప్పుతున్నప్పుడు తీసిన వీడియో లేకపోతే ఏమీ చేయలేమన్నారు. మీ దగ్గరే ఉండిపోయిన వస్తువు నా డబ్బా వీడియోలో ఎలా కనిపిస్తుందండీ? అదే అడిగాను. లైన్ కట్ అయింది. ఆ తర్వాత దొరికినాయనకు హిందీ తప్ప రాదు. నాకొచ్చిన కాస్త హిందీతో పదిహేడు నిమిషాలు చెప్పుకున్నాను. పై అధికారికి కలుపుతానన్నారు. సంగీతం వినిపించింది, ఆగిపోయింది. గంటలో మెసేజ్ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

వీటన్నిటికన్నా నన్ను బాధపెట్టింది మే 21. ఆ రోజు మాట్లాడినాయన నిజంగా విన్నారు. “వర్క్‌షాప్ వాళ్లని కనుక్కుని సాయంత్రం నేనే చేస్తానమ్మా” అన్నారు. వంట చేస్తున్నంతసేపూ ఫోన్ పొయ్యి గట్టు మీదే పెట్టుకున్నాను. రాత్రి పదకొండు దాకా చూశాను. మర్నాడు అడిగితే ఆయన్ని వేరే సెక్షన్‌కు మార్చారన్నారు. నా మాట ఆయన ఎవరికీ చెప్పి వెళ్లలేదు.

చిన్నపిల్లల బొమ్మ అన్నారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. టమగోచీ జపాన్‌లో 1996 నవంబరు 23న అమ్మకానికి వచ్చింది. ‘తమగో’ అంటే వాళ్ల భాషలో గుడ్డు. మా మావయ్య 1997లో సింగపూర్ నుంచి వస్తూ నాకు ఒకటి తెచ్చాడు. మూడు బటన్లు, రెండు బిళ్ల బ్యాటరీలు. అన్నం పెట్టడం, శుభ్రం చేయడం, నిద్రపోతే దీపం ఆర్పడం, అన్నీ ఆ మూడింటితోనే. ఆ పాత రకంలో బ్యాటరీ తీస్తే లోపలి ప్రాణి బతికిన రోజులన్నీ పోయి మళ్లీ గుడ్డు నుంచే మొదలు. అందుకే నేను నడుస్తున్న బొమ్మకు స్క్రూడ్రైవర్ పెట్టను. మీకు పంపే ముందు కూడా అది తన ఆయుష్షు పూర్తిచేసే దాకా ఆగి, అప్పుడే విప్పాను. గొలుసు తగిలించే చోట పగులు వచ్చింది కాబట్టి పాత డొప్పను దాచుకుని, మీరు చేసే పారదర్శకమైన డొప్పకు లోపలి వైపు నుంచి ఏటికొప్పాక బొమ్మల మీద ఉండే చారల్లా పసుపు, ఎరుపు వేద్దామనుకున్నాను. లోపల వేసిన రంగు చేతి రాపిడికి పోదు. బోర్డూ తెరా ఏప్రిల్ నుంచి ఒక స్టీలు డబ్బాలో ఉన్నాయి. వాటిని పెట్టడానికి ఇప్పుడు నాకు పాత డొప్పా లేదు, కుదిరే కొత్త డొప్పా లేదు.

నాలుగేళ్లుగా రంగులు, రెజిన్, నీటి గరుకు కాగితం, బుల్లి స్క్రూడ్రైవర్లు, అన్నీ మీ దగ్గరే కొన్నాను. ఇక్కడ ఈ పని నేర్చుకుంటామని వచ్చిన ఆరుగురికి మీ పేరే చెప్పాను. నా మాట మీద మీకు ఆర్డర్లు వచ్చాయి. నా మాట వినడానికి మాత్రం మీ దగ్గర మనిషి లేకపోయాడు.

కొత్త డొప్ప డబ్బు మీరే ఉంచుకోండి. ఆ రెండు పాత ముక్కలు మీ వర్క్‌షాప్‌లో ఉన్నాయా, పారేశారా? ఉంటే పంపండి, కొరియర్ ఖర్చు నేనే పెట్టుకుంటాను. పారేస్తే పారేశామని చెప్పండి. పదిహేను రోజుల్లో ఏ జవాబూ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, విశాఖ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. ప్రతి ఫోన్ తేదీ, సమయం నా దగ్గర రాసి ఉన్నాయి. నేను పంపిన కొరియర్ రసీదు కాపీ దీనికి జత చేశాను.

నా నంబరు మీ రికార్డులో ఉంది. దయచేసి దానికి మెసేజ్ పంపకండి. ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ నాలుగేళ్ల కస్టమర్